పెదవులు కలిసే మాటలు

మా కాకినాడ హోటళ్లలో ఆడమనిషి ఒంటరిగా కూర్చున్న బల్ల దగ్గరికి ముక్కూమొహం తెలియని మగాడు రాడు. హైదరాబాద్ ఫిల్మ్ నగర్ ఇరానీ హోటల్లో కూర్చోవచ్చా అని అడగనైనా అడగరు. అన్నయ్య కోసం ఎదురుచూస్తూ చాయ్ తాగుతుంటే, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒకాయన నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్ చూస్తూ గొణుగుతున్నాడు.

"బెగ్... బతిమాలు. బీట్... బాదు. బరీ... పాతిపెట్టు."

తలెత్తినప్పుడల్లా నా మూతి కేసే చూస్తున్నాడు. బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను. అన్నయ్యకు ఫోన్ చేసి, నాకే వినపడనంత మెల్లగా చెప్పాను. "తొందరగా రా. ఎదురుగా ఎవడో పిచ్చోడు కూర్చున్నాడు."

లేవబోతుంటే ఆయన హెడ్‌ఫోన్లు తీశాడు.

"ఫికర్ చెయ్యకున్రి మేడం. నేను ఇంగ్లిష్ సిన్మాలకు తెలుగు మాటలు రాస్త. తెర మీద హీరో పెదవులు కలిసినకాడ మన మాటకు గూడ కలవాలె. బెగ్, బీట్, బరీ అన్నిటికీ దొరికినయి. బ్లేమ్ కాడ ఆగిన. నిందించు అంటే పెదవులు కలుస్తలేవు."

నేను నమ్మలేదు. "మరి నా మూతి కేసి చూడటం ఎందుకండీ?"

"అలవాటు మేడం. ఎవరు మాట్లాడినా పెదవులే చూస్త." చాయ్ సాసర్లో పోసుకుంటూ నవ్వాడు. "ఇందాక ఫోన్ల నన్ను పిచ్చోడు అన్నరు గదా, మంచిగ కలిసినయి."

హైదరాబాద్ వెళ్తే ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఫోన్ మాట్లాడతాను.