నోరు ఆవిడది, వేలు ఆయనది

తాళాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ టొయ్యింగ్ బాబాయ్ అనేవారు. బేరాలు లేనప్పుడల్లా ముందు పళ్ళకి మోర్సింగ్ ఆనించి మీటుకుంటూ కూర్చునేవాడు మరి. అది తాళంచెవంత ఇనుప వాయిద్యం, మధ్యలో సన్నటి రేకు. వేలితో రేకు మీటుతూ నోరు ఎలా కదిపితే అలా మోగుతుంది. చెవులు చిల్లులు పడుతున్నాయని భార్య పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన తిట్లు ఇంకా పూర్తికాలేదు. ఒక్కసారైనా తన వాయింపుని ఎవరైనా కోరి వింటే చాలని బాబాయ్ ఆశ.

ఒకరోజు శాక్సఫోన్ వాయించే అమ్మాయి, వాయిద్యం పెట్టె తాళం పట్టేసిందని కొట్టుకి వచ్చింది. ఆ అమ్మాయి జాజ్ బృందం తూర్పుదేశాల వాయిద్యాలు కలిపి ఆల్బమ్ చేస్తోందట. మోర్సింగ్ వినగానే తాళం సంగతే మర్చిపోయి, శుక్రవారం స్టూడియోకి రావాలని పట్టుబట్టింది. బాబాయ్ కాళ్ళు నేలమీద నిలవలేదు. వచ్చినవాళ్ళకీ, దారిన పోయేవాళ్ళకీ ఇదే కబురు.

ఆ హుషారులోనే గురువారం ఒక మొండి తాళంలో ఇరుక్కున్న తీగముక్కని పళ్ళతో పట్టి లాగాడు. తీగ రాలేదు, ముందు పళ్ళు వచ్చాయి.

పళ్ళు పటకారు కాదని ఎన్నిసార్లు చెప్పానని భార్య తల బాదుకుంది. అయినా ఒక్కణ్ణీ పంపలేక శుక్రవారం స్టూడియోకి వెంట వెళ్ళింది.

చిగుళ్ళకి ఆనించి మీటితే ఏం మోగుతుంది? రికార్డింగ్ చేసే ఆయన మర్యాదగానే, అలాంటి శబ్దం కంప్యూటర్‌లో ఉందనీ, దాంతో సర్దుకుంటామనీ అన్నాడు. బాబాయ్‌కి ఏడుపొచ్చేసింది. మోర్సింగ్ జేబులో పెట్టుకోబోతుంటే ఆవిడ లాక్కుని కొంగుతో తుడిచింది.

"నా పళ్ళు బాగానే ఉన్నాయిగా. మీరు మీటండి," అని తన పళ్ళకి ఆనించుకుంది.

ఎర్రదీపం వెలిగింది. ఆయన మీటాడు. నోరు ఎలా కదపాలో ఆవిడకి తెలియదు కాబట్టి తనకి తెలిసిన తీరులోనే కదిపింది, గొంతు పైకి రాకుండా తిట్టడం మొదలుపెట్టింది. పటకారు తిట్లు, నిన్నటి తిట్లు, పెళ్ళినాటి నుంచి మిగిలిపోయిన తిట్లు వరసగా రేకు మీద ఖంగుమన్నాయి. బాబాయ్‌కి ప్రతి మాటా అర్థమైంది. నవ్వు ఆపుకోలేక వేలి జోరు పెంచాడు. ఆవిడ అంతకు రెట్టింపు అందుకుంది. డ్రమ్స్ పరుగున వెంటపడ్డాయి. శాక్సఫోన్ ఎదురు చెప్పబోయి ఓడిపోయింది, ఆవిడ దగ్గర ఎవరైనా అంతే.

ఆల్బమ్‌లో దానికి 'తూర్పు ప్రశాంతత' అని పేరు పెట్టి, కళ్ళు మూసుకుని వినమని అట్టమీద రాశారు. బాబాయ్ కొట్లో రోజూ అదే మోగేది. పటకారు తిట్ల దగ్గరికి రాగానే ఆయన "సరేలేవే" అనేవాడు.

తర్వాత పళ్ళు కట్టించుకున్నాడు. మోర్సింగ్ మళ్ళీ నిక్షేపంగా పలికింది. ఇంతలో బృందం రెండో ఆల్బమ్‌కి రమ్మంది. ఇప్పుడు మీరొక్కరే చాలుగా, వెళ్ళిరండి అంది ఆవిడ, మొహం అటు తిప్పుకుని.

ఆ మొహం చూసి బాబాయ్ మనసు ఊరుకోలేదు. వెనక్కి తిరిగి, కట్టుడు పళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు.

"మళ్ళీ ఊడాయే. నువ్వు రాక తప్పదు."

ఆవిడ ఎత్తుగా కనిపిస్తున్న జేబు వంక చూసింది. చెప్పులేసుకుంది. తిట్లన్నీ స్టూడియోకి దాచుకుంది.