వెనకపక్క లేని బొమ్మ

ఇంత చిన్న సంగతి రాయడమెందుకులే అని రెండుసార్లు అనుకున్నాను. చేయి ఊరుకోలేదు. ధర్మవరం చీరల అంచులకు గ్రాఫు కాగితాలపై డిజైన్లు గీసిన మా ఖాదర్‌ను ఈ రోజు నెట్ సెంటర్‌కు తీసుకుపోయాను. నేతగాళ్ల ఇళ్లలో దొరికిన ఆయన పాత కాగితాలను డిజైన్ కాలేజీ పిల్లలు ఫోటోలు తీసి, ఇంటర్నెట్‌లో ఎగ్జిబిషన్‌గా పెట్టారు. మా కాలంలో ఎగ్జిబిషన్ అంటే హిందూపురంలో జెయింట్ వీల్, మిరపకాయ బజ్జీలు. ఆ లెక్కనే ఖాదర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు.

తెరమీద ఆయన గీసిన హంసల అంచు కనిపించింది. కింద ‘కళాకారుడి పేరు తెలియదు’ అని ఉంది.

“తెలీకపోయేదేముండాదప్పా? వెనక్కి తిప్పమను, నా పేరు ఆడుండాది,” అన్నాడు ఖాదర్.

నిజమే. గ్రాఫులో ఒక్కో గడి ఒక్కో పోగు. ముందుపక్క పేరు రాస్తే దాన్ని కూడా చీరలో నేసేస్తారని ఆయన ఎప్పుడూ వెనకే రాసేవాడు.

“ఈ బొమ్మకు వెనకపక్క ఉండదన్నా,” అన్నాడు సెంటర్ ఓనర్.

“వెనకపక్క లేని అంచు యాడన్నా ఉంటాదా అబ్బా!”

ఇంటర్నెట్ బొమ్మను తిప్పే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఓనర్ ఆ పేజీని ప్రింటు తీసి ఇచ్చాడు. ఖాదర్ తిప్పి చూశాడు. వెనక తెల్లగా ఉంది. నా జేబులోని పెన్ను తీసుకుని అక్కడ తన పేరు రాసుకున్నాడు.