ఆదెమ్మగారి జున్ను పాస్తా

ఆదెమ్మగారికి అరవై రెండేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు, మోకాళ్ల నొప్పి లేదు. ఉన్నదల్లా కుళ్ళు. అదీ నగల మీదో, పొలాల మీదో, ఎదురింటి కొత్త కారు మీదో కాదు, వంట మీద. జూలూరుపాడులో ఏ ఇంటి పొయ్యి మీద ఏది ఉడికినా సరే, ఆ సంగతి చెవిన పడితే చాలు. ముందు ఆమె ముక్కుపుటాలు అదురుతాయి. తర్వాత కొంగు నడుంలోకి పోతుంది. ఆ తర్వాత మాట వస్తుంది.

"ఏముంది దాంట్లో?"

ఆ మాట వచ్చిందంటే, ఆమె అదే వంట తను చేసి, నాలుగు గిన్నెల క్యారేజీ నిండా సర్ది, ఆ ఇంటికే తీసుకెళ్లి పోటీ పెడుతుందన్నమాట. పోటీకి ఒకటే నియమం. అవతలివాళ్లు మొత్తం తినాలి. "రెండు ముద్దలకే తీర్పు చెప్తరా? గిన్నె అడుగు కనబడాలె. అప్పుడు చెప్పుండ్రి, మీది బాగుందో నాది బాగుందో" అని గుమ్మంలోనే కూర్చుంటుంది.

కోడలు లిఖితకు ఈ కుళ్ళుతో పెద్ద చిక్కే వచ్చింది. మధిర నుంచి ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది. ఎం.కాం. చదివింది, చండ్రుగొండ కాలేజీలో గెస్టు లెక్చరర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని పిలుపు కోసం చూస్తోంది. ఈలోగా రాత్రి వంట ఆమెదే. చేపల పులుసు పెట్టింది, బొబ్బట్లు చేసింది, నాటుకోడి పలావు దమ్ము చేసింది. అత్తగారు ప్రతిసారీ శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, "బాగుందమ్మా" అని వెళ్లి పడుకునేది.

అంతే. ముక్కు అదరలేదు. కొంగు కదల్లేదు. కిందటేడు ఓ పెళ్లిలో మాడిపోయిన బిర్యానీ తిని కూడా ఆమె ఇదే గొంతుతో "బాగుంది" అని వచ్చిందని లిఖితకు గుర్తు. ఊరందరి మీదా కుళ్ళుకునే మనిషి తన మీద మాత్రం కుళ్ళుకోదేం? అత్తగారి నోట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "ఏముంది దాంట్లో" అనిపించుకోకపోతే ఈ ఇంట్లో తను కోడలే కాదనిపించేది ఆమెకు.

అలాంటి సమయంలో పక్క పోర్షన్లోకి సోని కిరాయికి దిగింది.

సోని టేకులపల్లి వైపు దవాఖానాలో నర్సు. భర్త తిరుపతి ఫారెస్టు ఉద్యోగి, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమే, మామ హాతీరామే. హాతీరాంకు నోట్లో ఒక్క పన్ను లేదు గానీ మాటకు మాత్రం లోటు లేదు. సోమవారం, గురువారం సోని అడవిలోని గూడేలకు టీకాలకు పోతుంది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటుతుంది. అందుకని పొద్దున్నే పాస్తా సగం ఉడికించి, టమాటా, ఉల్లి, వెల్లుల్లి వేసి చిక్కగా చేసిన గుజ్జులో కలిపి, గాజు ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెట్టిపోతుంది. రాగానే పైన చీజు తురిమి ఓవెన్లోకి తోస్తుంది. స్నానం చేసి తల దువ్వుకుని వచ్చేసరికి పైన బంగారు రంగు తేలి, అంచుల్లో బుడబుడమంటూ ఉంటుంది.

ఓ పొద్దున హాతీరాం గోడ మీదుగా తల పెట్టాడు.

"అమ్మా ఆదెమ్మా, మా కోడలు రాత్రి పాస్తా పెట్టింది చూడు! నమిలే పనే లేదు. నాలిక మీద పెడితే అదే జారిపోతది. నా పెండ్లిల గూడ గంత మంచిగ తినలే."

ఆదెమ్మగారి ముక్కు అదిరింది. కొంగు నడుంలోకి పోయింది. గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్న లిఖిత ఆ పని ఆపి అత్తగారి నోటివైపే చూసింది.

"ఏముంది దాంట్లో?"

మొదటి ప్రయత్నం గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. ఆదెమ్మగారు పాస్తాను శనగల్లాగా రాత్రే నానబోసింది. తెల్లారేసరికి గిన్నెలో పాస్తా లేదు, పిండి ఉంది. చేసేది లేక దానికి పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి వడలు వేసి, భర్త వెంకటనారాయణగారికి పెట్టింది. ఆయన నాలుగు తిని, "ఇవేం పిండివే?" అన్నారు. "ఇటలీ పిండి" అంది ఆమె. ఆయన ఇంకో రెండు వేయించుకున్నారు.

"అత్తయ్యా, నా పెళ్లిలో అన్నయ్య ఇచ్చిన ఓవెన్ అల్మారా మీద ఉంది, తీయనా?" అంది లిఖిత, ఎలాగైనా ఇందులో తనకో చోటు దొరుకుతుందేమోనని.

"పెట్టెల పెట్టి వండితే పెట్టె గెలుస్తది గానీ నేనెట్ల గెలుస్త?"

రెండో ప్రయత్నానికి పెరట్లో కట్టెల పొయ్యి సిద్ధమైంది. సాసు బదులు తమ చేలోని పండు మిరపకాయలు నూరి టమాటాలో కలిపింది. చీజు దగ్గరికొచ్చేసరికి ఆదెమ్మగారు ఆగింది.

"చీజంటే ఏంది మరి? పాలు గడ్డకట్టుడేగా! మన బర్రె మొన్ననే ఈనింది."

అలా బెల్లం లేని జున్ను, మిరియాలు చల్లుకుని, పాస్తా మీదికెక్కింది. ఇత్తడి గిన్నె నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసింది. అరగంట తర్వాత మూత తీస్తే జున్ను పైన ఎర్రగా పెచ్చు కట్టి ఉంది. ఆ వాసనకు వెంకటనారాయణగారు పేపరు వదిలేసి వచ్చారు. క్యారేజీ మాత్రం గోడ దాటి వెళ్లిపోయింది.

హాతీరాం మూడు గిన్నెలు ఖాళీ చేశాడు. నాలుగోది సోని తింది. అడుగు కనబడింది. ఆదెమ్మగారు గుమ్మంలోంచి తీర్పు కోసం మెడ చాచింది.

"మంచిగనే ఉన్నది గానీ పెద్దమ్మా, మాదే బాగుంది" అంది సోని.

"కారం జర ఎక్కువైంది" అన్నాడు హాతీరాం, వేలికంటిన జున్ను నాకుతూ.

"చూస్త! సోమారం చూస్త మీ సంగతి!" అని లేచింది ఆదెమ్మగారు.

ఆ సోమవారం ఓడింది. గురువారం ఓడింది. బర్రె దగ్గర జున్నుపాలు అయిపోతే, పాలు విరగ్గొట్టి గడ్డ కట్టించి మరీ ఓడింది. మునక్కాయ గుజ్జుతో ఓ వారం, నాటుకోడి ఖీమాతో ఓ వారం. నాలుగు నెలలు, వారానికి రెండు ఓటములు. అంత ఓడిపోతున్నా ఆమె మొహం మెరిసిపోతూ ఉండేది. మొహం మాడింది లిఖితకే. సోనిలో ఉన్నదేంటి, తనలో లేనిదేంటి? టేకులపల్లి బస్సు ఎక్కితే అంత గొప్పా?

ఒక ఆదివారం పంతం పట్టి అల్మారా మీది ఓవెన్ దింపింది. వెల్లుల్లి వెన్నలో వేయించి, మొక్కజొన్న గింజలు వేసి, చీజు రెండు వరుసలు పరిచి, బంగారంలాంటి పాస్తా చేసి అత్తగారి ముందు పెట్టింది. ఆదెమ్మగారు తిన్నది. చెయ్యి కడుక్కుంది.

"బాగుందమ్మా."

లిఖిత వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమింది. ఊరందరికీ వినబడేట్టు తోమింది.

మర్నాడు జాకెట్టు ఇవ్వడానికి దర్జీ పగిడయ్య దగ్గరికి పోయినప్పుడు కూడా ఆ మంట చల్లారలేదు. "మా అత్తయ్య కుళ్ళు నీక్కూడా తెలుసా పగిడయ్యా?" అంది.

"తెల్వకేంది బిడ్డా! నా మీద గూడ కుళ్ళుకున్నదిగా. మా ఇంటామె కాలు విరిగి ఖమ్మం దవాఖానాల నెలరోజులున్నప్పుడు."

"ఏం వంట చేశావేంటి అంత కుళ్ళుకోడానికి?"

పగిడయ్య సూదిలో దారం ఎక్కించడం ఆపి నవ్వాడు. "ఏంజేసిన? వట్టి అన్నం, కారప్పొడి. నాకొచ్చింది గదొక్కటే. 'ఏముంది దాంట్లో' అని రోజూ క్యారేజీ పట్టుకొచ్చేది. మా ఆమె ఇంటికొచ్చి పొయ్యి ముట్టించినంక మళ్లా ఇటు దిక్కు చూడలే. కుళ్ళు ఎటు పాయెనో!"

లిఖిత ఇంటికి నడిచింది. ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అంగన్‌వాడీ బాలి పచ్చిపులుసు మీద కుళ్ళుకుంది, బాలింతగా ఉన్నప్పుడు. రామన్న మాస్టారి ఉప్మా మీద కుళ్ళుకుంది, భార్య పోయిన నెలలో. పొయ్యి చక్కగా వెలుగుతున్న ఇంటి మీద అత్తగారు కుళ్ళుకున్నట్టు ఒక్కసారి కూడా గుర్తులేదు. మరి సోని? సోమవారం, గురువారం. ఎప్పుడూ ఆ రెండు రోజులే.

చీకటి పడ్డాక సోని బస్సు దిగగానే లిఖిత గోడ దగ్గర పట్టుకుంది. "నీకు తెలుసా, మా అత్తయ్య ఎందుకు కుళ్ళుకుంటుందో?"

"తెల్వదా అక్కా? ఊకనే పెడితే నేను తింటనా? అందుకే పోటీ అన్నది." సోని గొంతు తగ్గించింది. "ఆ జున్ను పాస్తా ముంగట మాదేపాటిది! కానీ గెలిచింది అన్ననంటే ఇగ తేదు గదా. అందుకే మా మామకు గట్టిగ చెప్పిన, ఎంత నచ్చినా ఓడగొట్టమని."

గోడ అవతల నుంచి హాతీరాం, "కడుపు నిండ తిని అబద్ధం చెప్పాలంటే ఎంత కష్టమో నీకేం ఎరుక బిడ్డా!" అన్నాడు.

ఆ వారమే చండ్రుగొండ నుంచి పిలుపొచ్చింది. లిఖిత పొద్దున ఏడున్నరకు బస్సెక్కి, సాయంత్రం ఆరున్నరకు దిగసాగింది. రాత్రి వంట మాత్రం వదల్లేదు. సోని పద్ధతే. పొద్దున్నే ట్రే నింపి పెట్టడం, రాగానే ఓవెన్లోకి తోయడం. మూడో రోజు ట్రే లోపల పెట్టి, బల్ల మీద తల ఆనించి, అలాగే కునికింది.

ఎవరో ఓవెన్ తలుపు తీసిన చప్పుడైంది. లిఖిత కళ్లు సగమే తెరిచింది. అత్తగారు వంగి లోపలికి చూస్తోంది. తర్వాత కోడలి మొహం వైపు చూసింది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. కొంగు నడుంలోకి పోయింది. లిఖితకు నిద్ర ఎగిరిపోయింది గానీ కదల్లేదు. కదిలితే ఆ మాట రాదేమోనని భయం.

"ఏముంది దాంట్లో?"

లిఖిత లేచి కూర్చుంది. అత్తగారిని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. కానీ ఆట నియమాలు ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. మొహం వీలైనంత పొగరుగా పెట్టింది.

"మీ వల్ల కాదులెండి అత్తయ్యా."

"కాదా? రేపటి సంది రాత్రి వంట నాది. గిన్నె అడుగు కనబడేదాక తిని అప్పుడు చెప్పు!"

"ఎంత చేసినా నాదే బాగుంటుంది."

ఆదెమ్మగారి మొహం వెలిగిపోయింది. పేపరు చాటు నుంచి వెంకటనారాయణగారు దీనంగా అన్నారు. "పక్కింటి మీద ఒక కుళ్ళు, ఇంట్ల ఒక కుళ్ళు. ఈ వయసుల రెండు రెండు తట్టుకుంటవా?"

"నా కుళ్ళు, నా ఇష్టం. లెవ్వు, లేచి బర్రెకు దాణా పెట్టు!"