బుట్టల వెనక సాక్షి

పక్క గదిలో టీవీలో ఎవరో ఎవరినో కొడుతున్నారు. ఆ ఢిష్యుం ఢిష్యుం చెవినపడితే ఈ వయసులో కూడా నాకు సిగ్గేస్తుంది. ఆ వెంటనే హెడ్డు కానిస్టేబుల్ ఓబులయ్య గారు గుర్తొచ్చి మనసు కుదుటపడుతుంది.

డెబ్బైల చివర్లో నేను చిత్తూరులో ఒక మామిడికాయల మండీలో గుమాస్తాను. క్రైమ్ సినిమా ఏది వచ్చినా మూడుసార్లు చూసేవాణ్ణి. వాటిలో మగవాడంటే కత్తికి ఎదురెళ్లేవాడు. భయమూ ఏడుపూ ఆడవాళ్ల వంతు. ఒక మధ్యాహ్నం, పాత కక్షతో ఒకడు వచ్చి మా మండీలో కాటా వేసే సుబ్బన్నను వెనకనుంచి భుజంలో పొడిచి పారిపోయాడు. చూసింది నేనొక్కణ్ణే. పోలీసులు అడిగితే, వాడి చెయ్యి పట్టుకుని మెలిపెట్టానని, విదిలించుకుని పోయాడని గొప్పగా చెప్పాను. మండీ అంతా నా భుజం తట్టింది.

కేసు విచారణకొచ్చింది. సాక్షులను కోర్టుకు వెంటబెట్టుకుపోయే పని ఓబులయ్య గారిది. నిమ్మకాయలు నిలబెట్టేంత మీసం ఆయనది. కోర్టు ఎదురుగా టీ తాగుతూ నా అరచేతులు తిప్పి తిప్పి చూశారు.

"కత్తి పట్టినోడి సెయ్యి పట్టుకుంటివే, మచ్చ గూడా లేదే. యాడుండావప్పా ఆ పొద్దు?"

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. చివరికి "బుట్టల ఎనకాల" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మొదటి గలాటాలో నేను లాఠీ పారేసి పరిగెత్తినా. మీసం బయపడదు గానీ మనిషి బయపడతాడబ్బా. నువ్వు సినిమా కత సెప్తే వకీలు సీల్చిపెడతాడు. పొడిసినోడు నవ్వుకుంటా ఇంటికి పోతాడు. జడ్జి గారికి జరిగింది జరిగినట్టు సెప్పు."

ఎదురుగా వరండాలో సుబ్బన్న కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి పైకి లేవక, ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

బోనెక్కి నిజం చెప్పగానే ఎదుటి వకీలు గొంతు పెంచాడు. "మగాడివై ఉండి దాక్కున్నావా? మరి పోలీసులకు అలా ఎందుకు చెప్పావు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"బయమేసింది సార్. ఆ మాట సెప్పడానికి సిగ్గయి అబద్ధమాడినా. కానీ బుట్టల సందులోంచి వాడి మొగం బాగా సూసినా."

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎక్కడ నక్కాను, అక్కణ్ణించి ఏమేం కనిపించాయి, అన్నీ జడ్జి గారు ఓపిగ్గా అడిగి రాయించుకున్నారు. కేసు నిలబడింది, వాడికి శిక్ష పడింది. మండీలో కొన్నాళ్లు నన్ను 'బుట్టలోడా' అని ఏడిపించారు. సుబ్బన్న మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

ఓబులయ్య గారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన నాకిచ్చింది ఏమిటని అడిగితే ఒక్కటి చెబుతాను. నా పెద్దకూతురు పుట్టిన రోజు, తల్లీబిడ్డా క్షేమమని నర్సు చెప్పగానే ఆసుపత్రి వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాను. మగవాడివి, నలుగురూ చూస్తున్నారు, మొహం కప్పుకొమ్మని మామగారు తన కండువా అందించారు. దాంతో శుభ్రంగా ముక్కు తుడుచుకుని, మళ్లీ ఏడ్చాను.