పెట్టె కింద పిండి

పోలీసు చర్య జరిగి నెల తిరగలేదు. సికింద్రాబాద్ స్టేషన్ బెంచీ మీద, పుస్తకాల చెక్కపెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయన వంగి, పెట్టెను వేలితో టకటక కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మళ్లీ కొట్టాడు.

ఏమిటని అడగకుండానే, రజాకారేమో అనుకున్నాను. అటుగా వచ్చిన సిపాయికి ఆయన్ను వేలెత్తి చూపించాను.

సిపాయి ఆయన సంచీని నేల మీద గుమ్మరించాడు. ఉలి చూసి, "యే క్యా హై?" అని గద్దించాడు.

"లకిడీ పని చేస్తా సాబ్," అన్నాడాయన, రెండు చేతులూ పైకెత్తి. ప్లాట్‌ఫారమంతా చూసింది.

సిపాయి వెళ్లిపోయాక ఉలి, సుత్తి, రంపం ఒక్కొక్కటే తుడిచి సంచీలో వేసుకున్నాడు.

"పెట్టెకు పురుగు పట్టింది బేటీ," అన్నాడు, నా వైపు చూడకుండా. "కొడితే డొల్ల మోగుతున్నది. కింద జెర చూడు."

వంగి చూశాను. అడుగు పలక కింద సన్నటి పిండి రాలి ఉంది.

"బొక్కలల్ల కిరసనాయిలు పొయ్యి. మైనంతోని మూసెయ్యి. లేకుంటే కితాబులు సుత ఖరాబైతయి."

క్షమించమనాలనుకున్నాను. అంతలో ఆయన రైలు వచ్చింది.

ఇంటికెళ్లి ఆయన చెప్పినట్టే చేశాను. పెట్టె నిలిచింది. ఆ రాత్రి డైరీలో పురుగు గురించి రాశాను, కిరసనాయిలు, మైనం గురించీ రాశాను. సిపాయికి వేలు చూపించింది ఎవరో రాయలేదు.