సత్యవతి గారి కువైట్ పాఠాలు

2008లో రాజోలులో నాకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. పాత క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చి ఇచ్చేవాణ్ణి కాబట్టి మైకూ, ఎడిటింగూ కొంత తెలుసు. పాడ్‌కాస్ట్ అనే మాట అప్పుడే నెట్‌లో చదివాను. రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే స్టేషన్‌తో పనిలేదు. మనమే రికార్డు చేసి నెట్‌లో పెడితే ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళు వింటారు. ఒక్కటైనా చేసి చూడాలని ఒకటే ఉబలాటం.

సరిగ్గా అప్పుడే సత్యవతి గారు వచ్చారు. కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన మనిషి. వెంట పక్కింటి నాగమణి. ఆ అమ్మాయికి మూడు వారాల్లో కువైట్ ప్రయాణం.

"బాబుగారూ, నేను వెళ్ళిన కొత్తలో జొరంతోనే నాలుగు రోజులు గిన్నెలు తోమేనండి. ఒంట్లో బాలేదని చెప్పడానికి అరబ్బీలో మాట రాలేదు. ఈ పిల్లకి ఆ గతి పట్టకూడదండి. మా వీధిలో ఇంకో ఆరుగురు వెళ్తన్నారు. నా మాటలు క్యాసెట్లో పెడతారా?"

"క్యాసెట్ ఎందుకండీ, పాడ్‌కాస్టే చేద్దాం!" అన్నాను. అదేమిటో ఆవిడకు తెలియదు, నాకూ అంతంత మాత్రమే.

వెనకగదిలో ఫ్యాన్ ఆపి, గోడలకు దుప్పట్లు కట్టి మైకు పెట్టాను. ఆవిడ ఒక మాట చెప్పి ఆగిపోయారు. మళ్ళీ చెప్పి మళ్ళీ ఆగారు.

"అవతల మనిషి లేకుండా ఎవరికి చెప్తామండీ?" అన్నారు చిరాగ్గా.

మా వైపు చెప్పేవాళ్ళకు ఊఁ కొట్టేవాళ్ళు ఉండాల్సిందే. నాగమణిని ఎదురుగా కూర్చోబెట్టాను.

"మాయ్ అంటే నీళ్ళండి."

"ఆయ్."

"ఒంట్లో బాగోపోతే, అనా తాబానా అనాలండి."

"ఆయ్."

ఇక ఆవిడ గొంతుకు పట్టపగ్గాల్లేవు. గంటసేపు దంచేశారు.

రెండు రోజులు కూర్చుని ఎడిటింగ్ చేశాను. ప్రతి ఆయ్‌నీ, దాని వెనకున్న ఖాళీనీ కోసిపారేశాను. గంట కాస్తా ఇరవై నిమిషాలైంది. ఎంత శుభ్రంగా ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తరవాత ఫీడ్ తయారుచేశాను. కొత్త ఎపిసోడ్ వచ్చిందని వినేవాళ్ళ కంప్యూటర్లకు కబురందించే చిట్టా అది. మూడుసార్లు తప్పు రాసి, నాలుగోసారికి పక్క కంప్యూటర్లో సత్యవతి గారి పేరు కనిపిస్తే కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. నాగమణి ఫోన్ మెమరీ కార్డులోనూ ఎక్కించి ఇచ్చాను.

నాలుగు రోజులకు ఆ అమ్మాయి కళ్ళనీళ్ళతో వచ్చింది.

"ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదండి. ఎవరో తరుముతున్నట్టు చెప్పేస్తన్నారు పిన్నిగారు. పట్టుమని పదిహేను రోజులు కూడా లేవండి."

కూడా వచ్చిన సత్యవతి గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, నా వైపు చూశారు.

"ఇదేంటండీ, ఈ పిల్లని తీసేసేరు? ఆయ్ అన్నాక మాట ఓసారి లోపల అనుకునేది కదండీ. ఆ కాస్త తీరికా మీరు కోసేసేరు."

సిగ్గుతో తల దించుకున్నాను. వినేవాళ్ళ కోసం చేస్తున్నాననుకుంటూ, వినే మనిషినే చెత్తలో పడేశాను. అదృష్టం, ఎడిటింగ్‌కి ముందే అసలు రికార్డింగును సీడీలో దాచుకునే అలవాటుండేది. అదే రోజు ఆయ్‌లతో సహా మొత్తం గంటనూ మళ్ళీ పెట్టాను. నాగమణి కుట్టుమిషను తొక్కుతూ రోజూ వినేది. వీధిలోని ఆరుగురికీ ఎక్కించి ఇచ్చాను. తరవాత సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం నుంచి కూడా మెమరీ కార్డులు పట్టుకుని వచ్చేవారు!

నాగమణి వెళ్ళిన నెలకు సెంటర్‌కు ఫోన్ చేసింది. సత్యవతి గారిని పిలిపించి స్పీకర్ పెట్టాను.

"పిన్నిగారూ, పోయిన వారం కడుపునొప్పి తట్టుకోలేకపోయేనండి. అనా తాబానా అన్నానండి. మేడం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళేరు. అపెండిక్స్ అంటండి. ఒక్క రోజాగితే ప్రాణం మీదకొచ్చేదన్నారు."

సత్యవతి గారు అక్కడే స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చారు.

ఇప్పటికీ పాడ్‌కాస్ట్ మొదలుపెడతామని వచ్చేవాళ్ళు ఏ మైకు కొనమంటారని అడుగుతారు. మైకు సంగతి తరవాత, మీ మాట అవసరమైన మనిషిని ఒకరిని ముందు వెతికి తెచ్చుకోండి అంటాను.