వేట లేని రోజుల సూప్

మా అమ్మ జాలరిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే మనిషి. ఆ వ్యాపారంలో గంప ఎంత ముఖ్యమో గొంతూ అంతే. మేడ మీద నిద్రపోతున్నవాళ్ళు కూడా ఆ కేకకు లేచి గిన్నె పట్టుకుని దిగాలి. అలాంటి గొంతులో కాయలా గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. కొన్నాళ్ళు మాట్లాడకూడదని, తర్వాత కొద్దికొద్దిగా మాట్లాడొచ్చని చెప్పారు. ఆ గడువు అయిపోయింది. అమ్మ మాట్లాడలేదు.

నొప్పుందా అంటే లేదని తల ఊపేది. మరి మాట్లాడమంటే గోడవైపు తిరిగేది. నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందో, అసలు వస్తుందో రాదో అని ఆవిడ భయం. కేక వెయ్యలేకపోతే గంప ఎత్తి లాభం లేదు. నాకూ అదే భయం. అందుకని గట్టిగా అడగలేదు.

తిండీ సరిగ్గా తినడం లేదు. గంజి ఒక గుటక తాగి గ్లాసు నెట్టేసేది. కారం లేకుండా సూప్ పట్టమన్నారు డాక్టరుగారు. మా ఇంట్లో చారు తెలుసు, పులుసు తెలుసు. సూప్ ఎవరూ ఎరగరు. ఫోన్‌లో వీడియో పెట్టాను. అందులో ఒకావిడ ఇంట్లో ఉన్నవాటితోనే చేసేద్దాం అంటూ ఫ్రిజ్‌లోంచి పుట్టగొడుగులు, వెన్న, పేరు తెలియని ఆకులు తీసింది. ఎవరింట్లో ఉన్నవో చెప్పలేదు. ఫోన్ కట్టేశాను.

మా ఇంట్లో పచ్చిచేప కూడా లేదు. వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇంకొకరి దగ్గర చేపలు కొనడమంటే అమ్మకు తల తీసేసినంత పని. వెతగ్గా ఆనపకాయ ముక్క, మెత్తబడిన టమాటా, వెల్లుల్లి దొరికాయి. పెరట్లో మునగాకు కోసుకొచ్చాను. అమ్మ మంచం మీంచే వేలితో ఎండు మెత్తళ్ళ డబ్బా చూపించింది. ఆ చిన్న చేపల తలలు తుంచి, ఉప్పు పోయేదాకా కడిగి, అన్నీ కలిపి గంజిలో ఉడకబెట్టి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టాను. ఆ జల్లెడ మళ్ళీ టీకి పనికిరాలేదు. చిక్కదనం కోసం చోడిపిండి, అదే రాగిపిండి, కలిపాను. స్టీల్ ప్లాంటు రోడ్డు మీద నిలిచిన వాననీళ్ళ రంగు వచ్చింది.

అమ్మ ఒక గుటక తాగింది. నా మొహం చూసింది. ఇంకో గుటక తాగింది.

అంతలో పక్కింటి అత్త వచ్చింది. ఆవిడా గంప మోసే మనిషే. మీ వీధి మా వీధి అని అమ్మతో రోజూ దెబ్బలాడేది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి పాపం దెబ్బలాడ్డం మానేసి, అదోలా తిరుగుతోంది. గిన్నెలో మిగిలింది గ్లాసులో పోసుకుని తాగింది.

"ఏటే గుంటా ఇది, గిన్నెలు కడిగిన నీల్లా?"

"సూప్ అత్తా. ఎండు మెత్తళ్ళేసి వడగట్టీసినాను."

"మెత్తళ్ళు పారీసి నీల్లు దాసినావా? మీ యమ్మ గొంతు పోతే పోయింది, నాలిక కూడా పోయిందనుకున్నావేటి?"

"నిన్నెవులు తాగమన్నారే? నా కూతురు నాకు సేసింది."

అన్నది అమ్మే. గొంతు బొంగురుగా ఉంది, చివర్లో చీలింది. కానీ అది అమ్మ గొంతే. వెంటనే అరచేత్తో నోరు మూసుకుని, ఎవరో దొంగతనంగా మాట్లాడేసి పారిపోయినట్టు మా ఇద్దరి వైపూ చూసింది.

అత్త గ్లాసు కింద పెట్టింది.

"ఓలమ్మ," అంది మెల్లగా. "మల్లీ ఒక్కపాలి తిట్టు వదినా."

అమ్మ చెయ్యి తీసింది. మొదట నిదానంగా, ఒక్కో మాటా వస్తోందో లేదో చూసుకుంటూ మొదలుపెట్టింది. తర్వాత అత్త పుట్టింటిని, వాళ్ళ పడవని, కిందటేడు మా వీధిలోకొచ్చి ఆవిడ అమ్ముకుపోయిన రొయ్యల్ని వరసపెట్టి తిట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. అత్త గుమ్మంలో చతికిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకా గట్టిగా వదినా, ఈదిలోకి ఇనపడాల," అంది.